భద్రాచలం అని తెరమీద పడాలంటే

కంప్యూటర్ ముందు కూర్చుని ‘భద్రాచలం’ అని టైపు చేయండి. మన కంటికి నాలుగు అక్షరాలు కనిపిస్తాయి: భ, ద్రా, చ, లం. కంప్యూటర్ మాత్రం ఎనిమిది సంకేతాలు దాచుకుంటుంది: భ, ద, పొల్లు గుర్తు, ర, దీర్ఘం, చ, ల, సున్న. ‘ఖమ్మం’ కంటికి రెండక్షరాలు, యంత్రానికి ఐదు సంకేతాలు. యూనికోడ్ మన లిపికి ఇచ్చిన గదుల్లో ‘ద్రా’కు సొంత గది లేదు. ద, ర, పొల్లు, దీర్ఘం విడివిడిగా ఉన్నాయి. దీర్ఘాన్ని ఆఖరున టైపు చేసినా అది చేరాల్సింది పైనున్న ‘ద’కేననీ, ‘ర’ క్రావడిగా మారి కిందికి దిగాలనీ తేల్చి, నాలుగింటినీ ఒక్క అక్షరంగా కూర్చేవాళ్ళు ఎవరో ఉండాలి.

లినక్స్ కంప్యూటర్లలో ఈ పనిని ముఖ్యంగా రెండు లైబ్రరీలు పంచుకుంటాయి. ఒకటి ఫ్రీటైప్. 1996లో డేవిడ్ టర్నర్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీ ఫాంటు ఫైలు తెరిచి, అందులో గీతలుగా ఉన్న రూపాలను తెరమీది చుక్కలుగా మారుస్తుంది. రెండోది హార్ఫ్‌బజ్. ఏ సంకేతాల వరుసకు ఏ రూపం రావాలో, ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చేది ఇదే. నిజానికి రెండూ ఒక్క ఇంటివే. ఫ్రీటైప్ తొలి తరంలో ఉన్న అక్షర కూర్పు కోడు వేరుపడి, పాంగో, క్యూటీ ప్రాజెక్టుల్లో పెరిగి, ఆ తర్వాత హార్ఫ్‌బజ్‌గా నిలబడింది. బెహ్‌దాద్ ఎస్ఫాహ్‌బోద్ దాన్ని మళ్ళీ మొదటినుంచి రాశారు. హార్ఫ్‌బజ్ అన్న పేరుకు పారశీకంలో ‘తెరిచిన అక్షరం’ అని అర్థం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ ఇవాళ దాన్నే నమ్ముకున్నాయి.

ఈ కూర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అక్షరాన్ని టైపు చేసే వరుసలో, దీర్ఘానికి ముందు, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు చేరితే ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన యాప్ కుప్పకూలింది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. తప్పు తెలుగు అక్షరానిది కాదు, దాన్ని కూర్చే కోడుది. మన అక్షరం తెరమీదికి రావడం వెనక ఇంత యంత్రాంగం ఉందని ఆ వారం రోజుల్లో చాలామందికి తెలిసింది.

ఇక అసలు సంగతి. లినక్స్‌లో జెంటూ అనే రకం ఉంది. దాన్ని పెట్టుకునేవాళ్ళకు ఎదురయ్యే పేరుమోసిన చిక్కుల్లో ఒకటి సరిగ్గా ఈ రెండు లైబ్రరీల మధ్యే పడుతుంది. ఫ్రీటైప్ కట్టాలంటే హార్ఫ్‌బజ్ ముందు ఉండాలి అంటుంది యంత్రం. హార్ఫ్‌బజ్ కట్టాలంటే ఫ్రీటైప్ ముందు ఉండాలి అని కూడా అదే అంటుంది. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్న మన సామెత అక్షరాలా ఇదే. ఈ ముడి ఎందుకు పడుతుందో, ఎలా విప్పాలో తెలిస్తే ఇలాంటి చిక్కుల్లో చాలావాటిని మనమే విప్పుకోగలం.

కుట్టించుకునే చొక్కా

మామూలుగా మనం వాడే ఉబుంటు, ఫెడోరా వంటివి రెడీమేడ్ బట్టల దుకాణాలు. ప్రోగ్రామును ఎక్కడో ముందే కంపైల్ చేసి, అంటే యంత్రం నడపగల రూపంలో కట్టి, మూటగా (ప్యాకేజీగా) పంపిస్తారు. దించుకుని వాడుకోవడమే. జెంటూ దర్జీ దగ్గర కుట్టించుకోవడం లాంటిది. గుడ్డ, అంటే సోర్సు కోడు, మన ఇంటికి వస్తుంది. మన కంప్యూటర్ కొలతలకు, మన కోరికలకు తగ్గట్టు మన యంత్రమే కుడుతుంది. డేనియల్ రాబిన్స్ మొదట ఇనాక్ లినక్స్ అని మొదలుపెట్టి, తర్వాత నీటిలో అన్నిటికన్నా వేగంగా ఈదే పెంగ్విన్ పేరు పెట్టి, 2002 మార్చి 31న జెంటూ 1.0ను విడుదల చేశారు.

ఆ దర్జీ పేరు పోర్టేజ్. మనం పిలిచే ఆజ్ఞ ఎమర్జ్. ఒక్కో ప్యాకేజీకి ఈబిల్డ్ అనే చీటీ ఉంటుంది. కోడు ఎక్కడ దొరుకుతుంది, ఎలా కట్టాలి, ముందుగా ఇంకేం ఉండాలి, ఏయే సదుపాయాలు మన ఇష్టానికి వదిలారు అన్నవన్నీ అందులో రాసుంటాయి. ఇష్టానికి వదిలిన సదుపాయాల పేర్లే యూజ్ ఫ్లాగులు. చొక్కాకు జేబు కావాలా, వద్దా అని అడిగినట్టే ఇదీ. ఫ్రీటైప్‌కు ‘హార్ఫ్‌బజ్’ అనే ఫ్లాగు ఉంది. హార్ఫ్‌బజ్‌కు ‘ట్రూటైప్’ అనే ఫ్లాగు ఉంది. రెండూ పెట్టుకుంటేనే ముడి పడుతుంది. అంటే ఈ ముడికి కారణం రెండు లైబ్రరీల పగ కాదు, మనం ఒకేసారి కోరిన రెండు కోరికలు.

బాడిస వేరు, తెడ్డు వేరు

గోదావరి మీద నడిచే నాటు పడవ సంగతి తీసుకుందాం. పడవ తయారుచేసేటప్పుడు బాడిస, ఉలి కావాలి. పడవ నీళ్ళలో దిగాక వాటితో పని లేదు, అప్పుడు తెడ్డు కావాలి. ప్యాకేజీల డిపెండెన్సీలూ, అంటే ఒకదానికి కావలసిన ఇతర ప్యాకేజీలూ, ఇలాగే రెండు రకాలు. కట్టేటప్పుడు కావలసినవి కొన్ని, నడిచేటప్పుడు కావలసినవి కొన్ని. ఈబిల్డ్ చీటీలో వీటిని విడివిడిగా రాస్తారు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, నడిచేటప్పుడు మాత్రమే ఒకదానికొకటి కావలసిన రెండు ప్యాకేజీలతో పెద్ద ఇబ్బంది లేదు. ఒకటి కట్టి పక్కన పెట్టి, రెండోది కట్టి, రెండూ సిద్ధమయ్యాక నడిపించవచ్చు. కట్టేటప్పుడే ఒకదానికొకటి కావాలంటేనే దారి మూసుకుపోతుంది. ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్‌ల వలయం ఆ రకానిది. ఫ్రీటైప్ చిన్న సైజు అక్షరాల అంచులను చక్కదిద్దేటప్పుడు, యూనికోడ్ సంఖ్య లేని రూపాలు, మన వత్తుల వంటివి, ఏ లిపికి చెందినవో తెలుసుకోవడానికి హార్ఫ్‌బజ్ సాయం తీసుకుంటుంది. హార్ఫ్‌బజ్ ఏమో ఫ్రీటైప్ ద్వారా ఫాంటును చదివే సదుపాయం పెట్టుకోవాలంటే ఫ్రీటైప్‌ను అడుగుతుంది. అది లేకుండానూ హార్ఫ్‌బజ్ బతకగలదు, కాని దానిమీద ఆధారపడ్డ పాంగో వంటివి ఆ సదుపాయం ఉండి తీరాలంటాయి.

చిక్కులన్నీ ఒక్క రకం కావు

పోర్టేజ్ ఎర్రటి అక్షరాలతో పేజీల కొద్దీ సందేశం కుమ్మరించినప్పుడు కొత్తవాళ్ళు బెదిరిపోతారు. నిజానికి అందులో వచ్చే చిక్కులు నాలుగైదు రకాలకు మించవు.

అన్నిటికన్నా తేలికైనది సదుపాయం చాలకపోవడం. ఒక ప్యాకేజీ, ‘నేను ఆధారపడే లైబ్రరీకి ఫలానా ఫ్లాగు ఉండాలి’ అంటుంది. మన దగ్గర అది లేకుండా కట్టి ఉంటుంది. ఏ వాక్యం ఏ ఫైలులో రాయాలో పోర్టేజే చెబుతుంది. రాసి, మళ్ళీ అడిగితే సరిపోతుంది.

రెండోది కుర్చీ తగాదా. ఒక ప్యాకేజీకి ఒక లైబ్రరీ పాత వెర్షన్ కావాలి, ఇంకోదానికి కొత్తది కావాలి, కుర్చీ మాత్రం ఒక్కటే. జెంటూ దీనికి స్లాట్ అనే ఉపాయం కనిపెట్టింది. తరం మారినప్పుడు పక్కన ఇంకో కుర్చీ వేస్తుంది. అందుకే పైథాన్ 3.11, 3.12 ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కన ఉండగలవు. కాని ఒకే స్లాట్‌లో రెండు వెర్షన్లు కుదరవు. 2024 జూన్‌లో జెంటూ తన ప్రామాణిక పైథాన్‌ను 3.11 నుంచి 3.12కు మార్చింది. అలాంటి మార్పు వచ్చిన ప్రతిసారీ ఇంకా కొత్తదానికి సిద్ధంకాని పాత ప్యాకేజీ ఒక్కటి ఉంటే చాలు, తనతోపాటు తను ఆధారపడే లైబ్రరీలన్నిటినీ పాత తరానికి కట్టిపడేస్తుంది.

మూడోది ఒకే పనికి ఇద్దరు. సిస్టమ్‌డి ఉన్న చోట ఈలాగిన్‌డి ఉండకూడదు, ఎందుకంటే కంప్యూటర్‌లోకి ఎవరు లాగిన్ అయ్యారో చూసే కాపలా రెండూ చేస్తాయి. ఇద్దరిలో ఎవరు కావాలో మనమే తేల్చుకోవాలి. ఏ యంత్రమూ మన తరఫున తేల్చలేదు.

నాలుగోది చిరునామా మారడం. దాన్ని భద్రాచలంవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 1959 దాకా ఈ ఊరు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. తర్వాత ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో చుట్టుపక్కల కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి, పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. గుడి కదల్లేదు, గోదావరి కదల్లేదు. చిరునామా మారినప్పుడల్లా దాన్ని రాసుకున్న రికార్డులు, ముద్రలు, బోర్డులు మాత్రం మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది. లైబ్రరీలకూ ఇలాంటి చిరునామా ఉంటుంది. భాషలు, తేదీలు, అకారాది క్రమం చూసే ఐసీయూ అనే లైబ్రరీ మామూలుగా ఏడాదికి రెండుసార్లు కొత్త సంఖ్యతో వస్తుంది. వచ్చిన ప్రతిసారీ దానికి అతుక్కుని ఉన్న లిబ్రెఆఫీస్ వంటి పెద్ద పెద్ద ప్యాకేజీలను మళ్ళీ కట్టాలి. ఈ బంధాన్ని గుర్తుపెట్టుకోవడానికి జెంటూలో ఉపస్లాట్ అనే ఏర్పాటు ఉంది. అందరూ కొత్త చిరునామాకు మారేదాకా పాత లైబ్రరీ ఫైలును పోర్టేజ్ తీసేయకుండా దాచి ఉంచుతుంది కూడా.

ఐదోది మన పిచ్చి–పెళ్ళి వలయం.

చీలిక దగ్గరికి తిరిగి రావడం

ఇన్ని షరతులను ఒకేసారి తీర్చే దారి వెతకడం ఎంత కష్టం? తునికాకు సేకరణకు అడవిలోకి వెళ్ళినవాళ్ళు దారి మూసుకుపోతే ఇంటిదాకా వెనక్కి రారు. చివరిగా దారి చీలిన చోటికి వచ్చి రెండో బాట పడతారు. పోర్టేజ్ చేసేదీ అదే. ఒక వెర్షన్ ఎంచుకుని ముందుకు పోతుంది. అడ్డు తగిలితే చీలిక దగ్గరికి తిరిగివచ్చి, ఆ ఎంపికను పక్కనపెట్టి, ఇంకోటి చూస్తుంది. ఎన్నిసార్లు వెనక్కి రావచ్చో దానికి మనమే హద్దు చెప్పవచ్చు.

బాటలు పెరిగే వేగం మాత్రం మామూలుగా ఉండదు. పది ప్యాకేజీలకు రెండేసి ఎంపికలుంటే మొత్తం దారులు 1,024. ముప్పై ప్యాకేజీలైతే 107 కోట్లు దాటుతాయి. జెంటూ భాండారంలో ప్యాకేజీలు వేల సంఖ్యలో ఉన్నాయి. 1971లో స్టీఫెన్ కుక్ ఒక తర్కశాస్త్ర సమస్యను పట్టుకుని, జవాబు చేతికిస్తే తేలిగ్గా సరిచూడగల సమస్యలన్నిటినీ దాని రూపంలోకి మార్చవచ్చని చూపించారు. కొన్ని నిజం–అబద్ధం షరతులను అన్నిటినీ ఒకేసారి తీర్చే మార్గం ఉందా అన్నది ఆ సమస్య. ఎలాంటి షరతుల మూటనిచ్చినా త్వరగా తేల్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. 2006లో ఐరోపాలోని ఈడీఓఎస్ ప్రాజెక్టు పరిశోధకులు, రాబర్టో ది కాస్మో బృందం, ప్యాకేజీల డిపెండెన్సీ లెక్క కూడా సరిగ్గా ఆ కోవలోదేనని నిరూపించారు. ఓపెన్‌సుసే అనే మరో లినక్స్ రకం 2008లో 11.0 విడుదలతో ఈ షరతులను నేరుగా ఆ తర్కశాస్త్ర సమస్యగా మార్చి పరిష్కరించే పద్ధతికి మారింది.

కాబట్టి పోర్టేజ్ ‘నాకు దారి దొరకలేదు’ అన్నప్పుడు అది చేతగానితనం అనుకోకూడదు. లెక్క అంత కష్టమైనది. యంత్రానికి తెలియని ఒక్క సంగతి మనకు తెలుసు: మన కోరికల్లో ఏది ముఖ్యం, ఏది కాసేపు ఆగగలదు అన్నది. ముడి విప్పే కొస అక్కడే ఉంది.

వంతెనకు ముందు పడవ

భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో తెరిచారు. అంతకుముందు అవతలికి వెళ్ళాలంటే పడవే గతి. ఆ వంతెన కట్టిన రోజుల్లోనూ ఏరు దాటాల్సిన పనికి పడవే దిక్కు. వంతెన వచ్చేదాకా ఆగితే వంతెనే రాదు. ఫ్రీటైప్ ముడిని విప్పేదీ ఇలాంటి పడవే.

మొదటి అడుగు: హార్ఫ్‌బజ్ ఫ్లాగును ఒక్కసారికి తీసేసి ఫ్రీటైప్‌ను కట్టాలి. జెంటూలో ఫ్లాగు పేరుకు ముందు మైనస్ గుర్తు పెడితే ఆ సదుపాయం వద్దని అర్థం. రెండో అడుగు: ఇప్పుడు ఫ్రీటైప్ ఉంది కాబట్టి, దాని ఆధారంతో హార్ఫ్‌బజ్‌ను కట్టాలి. మూడో అడుగు: ఇప్పుడు హార్ఫ్‌బజ్ కూడా ఉంది కాబట్టి, ఫ్రీటైప్‌ను ఈసారి పూర్తి సదుపాయాలతో మళ్ళీ కట్టాలి. పడవ పని అయిపోయింది, వంతెన నిలబడింది. ఫ్రీటైప్‌ను రెండుసార్లు కట్టాల్సి వచ్చింది, అంతే. చాలా కంపైలర్లు పుట్టిందీ ఇలాంటి దారిలోనే. చిన్న కంపైలర్‌తో పెద్దదాన్ని కట్టి, ఆ పెద్దదానితో దాన్నే మళ్ళీ కట్టుకున్నారు.

ఈ మూడు అడుగుల్లోనూ ‘వన్‌షాట్’ అనే మాట జత చేయాలి. పోర్టేజ్ దగ్గర ‘వరల్డ్’ అనే జాబితా ఉంటుంది. మనం కావాలని పేరు పెట్టి అడిగిన ప్యాకేజీలు అందులో చేరతాయి. ఫ్రీటైప్ మనం అడిగింది కాదు, మనం అడిగినవాటికి కావలసింది. అలాంటివి వరల్డ్ జాబితాలో చేరితే, వాటి అవసరం తీరినా పోర్టేజ్ వాటిని పట్టుకునే ఉంటుంది. రేపటి తగాదాలకు అవే విత్తనాలు. జాబితాలో బ్రౌజరు, ఆఫీసు, ఫాంట్లు వంటి పైమెట్టు వస్తువులే ఉంచుకుంటే చిక్కులు తక్కువ.

కుర్చీ తగాదా వచ్చినప్పుడూ ఇదే నీతి. సందేశంలో ‘దీన్ని కోరింది ఎవరు’ అనే వరుసలు ఉంటాయి. వాటిని పట్టుకుని ఒక్కో మెట్టు పైకి వెళితే చివరకు రెండింటిలో ఒకటి తేలుతుంది: వరల్డ్ జాబితాలో మనం అడిగిన ఒక ప్యాకేజీ, లేదా ఎప్పుడో మనమే రాసి మరిచిపోయిన ఒక అమరిక వాక్యం. పాత ప్యాకేజీ అడ్డుపడుతుంటే దాన్ని తాత్కాలికంగా తీసి, మిగతావి నవీకరించి, సిద్ధమయ్యాక తిరిగి పెట్టుకోవచ్చు. స్థిరమైన శాఖలో ఉంటూ అక్కడక్కడ పరీక్షా శాఖ ప్యాకేజీలు కలుపుకుంటూ పోవడం కూడా ఇలాంటి చిక్కులకు పెద్ద కారణం. డిపెండెన్సీలను పట్టించుకోవద్దని చెప్పే ఆజ్ఞ ఒకటుంది. దాన్ని మాత్రం వాడకండి. ముడి విప్పకుండా తాడు కోసినట్టవుతుంది. ఇవాళ పని జరిగినట్టే కనిపించి, రేపు ఏదో ప్రోగ్రాము తెరుచుకోనంటుంది.

అడవి అంచున

ఇంత శ్రమ మనకెందుకు అని అడిగేవారుంటారు. ఖమ్మం దాటి కొత్తగూడెం మీదుగా భద్రాచలం, అక్కడినుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్ళేవారికి డిపెండెన్సీ అంటే ఏమిటో దారే చెబుతుంది. 2014 తర్వాత ఆ తెలంగాణ మండలాలకు భద్రాచలం నుంచి వెళ్ళే రోడ్డు కొంతదూరం ఆంధ్రప్రదేశ్‌లోని ఎటపాక మండలం గుండా పోతుంది. మన ఊరు చేరాలంటే మనది కాని దారి బాగుండాలి. తెలుగు అక్షరం కథా అంతే. ఇరాన్ మూలాలున్న ఒక ప్రోగ్రామర్ రాసిన కోడు బాగుంటేనే మన ‘ద్రా’ సరిగ్గా పడుతుంది. ఈ అంచున కోయ భాషను రాసేటప్పుడు ఎక్కువగా తెలుగు లిపినే వాడతారు. కాబట్టి కోయ మాటలు తెరమీదికి రావడమూ ఆ దారి మీదే ఆధారపడింది.

నెట్ సరిగ్గా అందని చోట జెంటూ పనికొచ్చే పద్ధతులూ ఉన్నాయి. కట్టకుండా సోర్సు కోడును మాత్రమే దించి పెట్టమని ఎమర్జ్‌కు చెప్పవచ్చు. నెట్ బాగున్న ఊళ్ళో దించుకుని, ఇంటికి వచ్చి నెట్ లేకుండానే కట్టుకోవచ్చు. పది పాత కంప్యూటర్లున్న బడిలో ఒక్క గట్టి యంత్రం మీద కట్టి, తయారైన మూటలను మిగతావాటికి పంచవచ్చు. కంపైల్ చేసేటప్పుడు ఏకకాలంలో నడిచే ఒక్కో పనికి 2 జీబీ మెమరీ ఉండేలా చూసుకోవాలని జెంటూ మార్గదర్శి చెబుతుంది. 4 జీబీ ఉన్న ల్యాప్‌టాప్‌లో రెండు పనులకు మించి పెడితే యంత్రం ఆయాసపడుతుంది. అంత ఓపిక లేనివారికి 2023 డిసెంబరు నుంచి జెంటూయే తయారుచేసిన మూటలను కూడా విస్తృతంగా అందిస్తోంది. కావలసినవి మాత్రం కుట్టించుకుని, మిగతావి రెడీమేడ్‌గా తెచ్చుకోవచ్చు.

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం కాలేజీల్లో కంప్యూటర్లు చదువుతున్న పిల్లలకు ఒక్క మాట. ఈసారి తెరమీద ఆ ఎర్ర అక్షరాలు వస్తే కిటికీ మూసేయకండి. ఎవరు ఎవరిని అడిగారో కింది నుంచి పైకి చదవండి. మీరు కోరినవాటిలో కాసేపు ఆగగలిగేది ఏదో చూడండి. దాన్ని పక్కనపెట్టి మిగతాది కట్టండి, తర్వాత దాన్నీ కలుపుకోండి. ఎక్కడైనా తెలుగు అక్షరం విరిగి కనిపిస్తే ఆ ప్రాజెక్టువాళ్ళకు తెలియజేయండి. హార్ఫ్‌బజ్, ఫ్రీటైప్, జెంటూ మూడింటి కోడూ ఎవరైనా తెరిచి చదవవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. మన అక్షరాన్ని కూర్చే చేతుల్లో మన ఊరి చేతులు కూడా ఉండాలి.